భాగం 7: పోర్ట్ లూయిస్ - ఒక ద్వీప రేవు పట్టణం పుట్టుక

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 ఉపోద్ఘాతం
7.2 ద్వీపం, డచ్చివారి ప్రయత్నం
7.3 ఫ్రెంచివారి రేవు నిర్మాణం
7.4 పోర్ట్ లూయిస్, తెలుగు తీరం
7.5 పట్టణంలో ఎవరు ఎక్కడ?
7.6 బ్రిటిష్ ఆక్రమణ, బానిసత్వ రద్దు
7.7 కోరంగి నుంచి వచ్చినవారు
7.8 స్థాపకుడు ఎవరు?
7.9 సారాంశం
7.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి - సమాధానాలు
7.11 కీలక పదాలు
7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- మారిషస్‌లో పోర్ట్ లూయిస్ రేవు ఏర్పడటానికి దారితీసిన భౌగోళిక, వాణిజ్య, సైనిక కారణాలను వివరించగలుగుతారు.
- ఆ రేవుకూ ఆంధ్ర, కోరమాండల్ తీరాలకూ మధ్య ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
- ఒక వలస పట్టణంలో అనేక జాతులు, భాషలు ఎందుకు, ఏ షరతుల మీద కలిసి జీవించాయో చర్చించగలుగుతారు.
- 'పట్టణ స్థాపన' అనే మాటను చరిత్ర విద్యార్థిగా పరీక్షించగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

సికింద్రాబాద్‌లో జరిగే ఆదివారం కాంటాక్టు తరగతుల్లో వలస పాలన పాఠం మొదలుపెట్టేముందు నేను ఒక ప్రశ్న అడిగేవాడిని: "ఈ ఊరిని ఎవరు కట్టారు?" ఎక్కువమంది సికందర్ జా అని, కొందరు బ్రిటిష్‌వారు అని జవాబిచ్చేవారు. రెండూ పూర్తిగా తప్పు కావు. 1798లో నిజాంతో కుదిరిన సైన్య సహకార ఒప్పందం తరవాత బ్రిటిష్ సైన్యం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన దిగింది. 1806లో ఆ దండు ప్రదేశానికి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అయితే దండుకు సరుకులు అందించిన వర్తకులు, బట్టలు ఉతికినవారు, వంటవారు, బండ్లు తోలినవారు, తమిళ సిపాయిల కుటుంబాలు, పార్శీ వ్యాపారులు, తరవాత రైల్వే పనివారు లేకుండా సికింద్రాబాద్ ఒక ఊరు అయ్యేది కాదు. రెజిమెంటల్ బజార్ అనే పేరులోనే ఆ సంగతి దాగి ఉంది.

సికింద్రాబాద్ దండు చుట్టూ పెరిగిన పట్టణం. ఈ భాగంలో రేవు చుట్టూ పెరిగిన పట్టణాన్ని పరిశీలిద్దాం. హిందూ మహాసముద్రంలో మారిషస్ ద్వీపానికి రాజధాని అయిన పోర్ట్ లూయిస్‌ను ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, అక్కడ స్థానిక జనాభా లేదు. పట్టణంలోని ప్రతి మనిషీ, ప్రతి భాషా, ప్రతి మతమూ ఓడ మీద వచ్చినవే. అందువల్ల వలస పాలన ఒక సమాజాన్ని మొదటి నుంచి ఎలా కూర్చిందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది, ఆ ఓడల్లో మన గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల తెలుగువారు కూడా ఉన్నారు.

7.2 ద్వీపం, డచ్చివారి ప్రయత్నం

మారిషస్ మడగాస్కర్‌కు తూర్పున ఉన్న చిన్న అగ్నిపర్వత ద్వీపం. విస్తీర్ణం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. అరబ్బు నావికులకు దీని ఉనికి తెలుసు. 16వ శతాబ్ది తొలినాళ్లలో పోర్చుగీసువారు ఇక్కడ ఆగారు కాని స్థిరపడలేదు. 1598లో డచ్చివారు దిగి తమ యువరాజు మారిస్ పేరు పెట్టారు. 1638 నుంచి 1658 వరకు, మళ్లీ 1664 నుంచి 1710 వరకు వారు ఇక్కడ చిన్న స్థావరం నడిపారు. నల్లచేవ కలప నరికారు. 1639లో జావా నుంచి చెరకు తెచ్చారు. ఎగరలేని డోడో పక్షి ఈ కాలంలోనే అంతరించింది.

డచ్చివారు ఎందుకు నిలవలేకపోయారు? తుపానులు, ఎలుకల బెడద, కరవు వంటివి కొంత కారణం. అసలు కారణం వేరు. 1652లో వారు ఆఫ్రికా కొసన కేప్ స్థావరాన్ని స్థాపించారు. ఐరోపా నుంచి జావా వెళ్లే డచ్చి ఓడలకు నీరు, ఆహారం అక్కడే దొరికాయి. మారిషస్ అవసరం తగ్గిపోయింది. దీని నుంచి మనం ఒక సూత్రం గ్రహించవచ్చు: రేవుకు ప్రాధాన్యం దాని నేల వల్ల మాత్రమే రాదు, దాని మీదుగా వెళ్లే ఓడల దారి వల్ల వస్తుంది. దారి మారితే రేవు జాతకం మారుతుంది.

7.3 ఫ్రెంచివారి రేవు నిర్మాణం

ఖాళీగా ఉన్న ద్వీపాన్ని 1715లో ఫ్రెంచివారు స్వాధీనం చేసుకుని 'ఈల్ ద ఫ్రాన్స్' అని పేరు పెట్టారు. ఆరేడేళ్ల తరవాత ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ తరఫున జనాన్ని దించడం మొదలైంది. ద్వీపంలో రెండు మంచి రేవులున్నాయి. ఆగ్నేయంలోని రేవు విశాలమైనదే. కాని సంవత్సరంలో ఎక్కువ కాలం గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది. తెరచాప ఓడ ఆ రేవులోకి సులువుగా వస్తుంది, ఎదురుగాలిలో బయటికి పోవడమే కష్టం. వాయవ్యంలోని రేవు కొండల చాటున ఉంది. గాలి తాకిడి తక్కువ, రాకపోకలు రెండూ సులువు. ఈ వాయవ్య రేవుకే రాజు పేరు మీద పోర్ట్ లూయిస్ అనే పేరు వచ్చింది.

1735లో మాహే ద లా బూర్దొనే గవర్నరుగా వచ్చాడు. ఆయన అప్పటికే భారత తీరంలో కంపెనీ కొలువు చేసి, సొంతంగా వర్తకం కూడా నడిపిన నావికుడు. ఓడలకు ఏం కావాలో ఆయనకు తెలుసు. నదినీటిని రేవుకు తెచ్చే కాలువ, ఆసుపత్రి, ఆయుధశాల, గిడ్డంగులు, కోటగోడలు, ఓడల మరమ్మతు శాలలు, రోడ్లు ఆయన హయాంలో లేచాయి. బానిసలకు తిండిగా కర్రపెండలం సాగు చేయించాడు. చెరకు మిల్లును ప్రోత్సహించాడు. పదేళ్లలో గుడిసెల రేవు ఓడల స్థావరంగా మారింది.

ఈ పనులు చేసిన చేతులు ఎవరివి? రాళ్లు మోసినవారు, కాలువలు తవ్వినవారు ఎక్కువగా మొజాంబిక్, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసలు. భారత తీరం నుంచి కూడా బానిసలను తెచ్చారు. పాండిచ్చేరి నుంచి తాపీ మేస్త్రీలను, వడ్రంగులను, ఇతర చేతిపనివారిని రప్పించారు. బానిసల మీద యజమానికి ఉండే అధికారాలను 1723 నాటి రాజశాసనం నిర్ణయించింది. పారిపోయిన బానిసకు విధించే శిక్షలు కూడా అందులో ఉన్నాయి. అయినా పారిపోవడం ఆగలేదు. అడవుల్లో, కొండల్లో దాక్కున్నవారిని వెంటాడటానికి గవర్నరు ప్రత్యేక దళాలను నడపవలసి వచ్చింది. 1760ల చివరినాటికి ద్వీపంలోని ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురు బానిసలే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
1. డచ్చివారికి మారిషస్ అవసరం తగ్గడానికి ప్రధాన కారణం ఏమిటి?
2. ఫ్రెంచివారు వాయవ్య రేవును ఎందుకు ఎంచుకున్నారు?

7.4 పోర్ట్ లూయిస్, తెలుగు తీరం

పాండిచ్చేరి, మద్రాసు, మచిలీపట్నం పేరుమోసిన రేవులే అయినా, ఆ రోజుల్లో పెద్ద ఓడ ఒడ్డుకు చేరే సౌకర్యం అక్కడ లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి. తాళ్లతో కుట్టిన మసూలా పడవలు అలలు దాటుకుంటూ సరుకును, మనుషులను ఒడ్డుకు చేర్చేవి. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో తుపానులు వస్తాయి. అప్పుడు యుద్ధనౌకలు ఈ తీరంలో నిలవడం ప్రమాదకరం. వాటికి సురక్షితమైన చోటు, మరమ్మతుకు కలప, జబ్బుపడ్డ నావికులకు ఆసుపత్రి కావాలి. ఫ్రెంచివారికి అవి పోర్ట్ లూయిస్‌లో దొరికాయి.

1746 సెప్టెంబరులో లా బూర్దొనే తన ద్వీపం నుంచి తెచ్చిన నౌకాదళంతో మద్రాసును పట్టుకున్నాడు. అక్టోబరులో వచ్చిన తుపాను అదే నౌకాదళాన్ని చిన్నాభిన్నం చేసింది. పై పేరాలో చెప్పుకొన్న రెండు విషయాలకూ, అంటే రేవు బలానికీ తీరం ప్రమాదానికీ, ఈ ఒక్క సంఘటన ఉదాహరణ. మద్రాసు విషయంలో డూప్లేతో తగాదాపడిన లా బూర్దొనే ఫ్రాన్సుకు తిరిగి వెళ్లి బాస్టీల్ జైలులో గడిపాడు. 1753లో మరణించాడు.

ఆ 1753లోనే బుస్సీ సలాబత్ జంగ్ నుంచి ఉత్తర సర్కారులను సంపాదించాడు. 1758లో చందుర్తి యుద్ధం, 1759లో మచిలీపట్నం పతనం తరవాత ఆ ప్రాంతం ఫ్రెంచివారి చేయి జారింది. గోదావరి పాయ ఒడ్డున యానాం మాత్రం చివరికి వారికి మిగిలింది. సర్కారుల చరిత్రను మనం సాధారణంగా హైదరాబాదు, పాండిచ్చేరి, మద్రాసు అనే మూడు కేంద్రాలతో చదువుతాం. సముద్రం వైపు నుంచి చూస్తే నాలుగో కేంద్రం పోర్ట్ లూయిస్.

1760లలో ఫ్రెంచి కంపెనీ దివాలా తీసింది. 1767లో ద్వీపం నేరుగా రాజు పాలనలోకి వచ్చింది. కంపెనీ గుత్తాధిపత్యం 1769లో రద్దయి, రేవు ఇతర వర్తకులకు తెరుచుకుంది. అమెరికా స్వాతంత్ర్యం పొందిన తరవాత ఆ దేశపు ఓడలు కూడా వచ్చాయి. భారతీయ బట్టలు, ఐరోపా సారాయి, మడగాస్కర్ పశువులు, బియ్యం, బానిసలు ఇక్కడ చేతులు మారేవి. యుద్ధకాలంలో ప్రభుత్వ అనుమతితో శత్రు ఓడలను దోచే సాహసికులకు ఇది స్థావరం. వారిలో సుర్‌కూఫ్ 1800లో బంగాళాఖాతంలో కెంట్ అనే పెద్ద ఇంగ్లీషు ఓడను పట్టుకున్నాడు. 1804 సెప్టెంబరులో లినోయి నాయకత్వాన ఫ్రెంచి నౌకలు విశాఖపట్నం తీరంలో లంగరు వేసి ఉన్న బ్రిటిష్ ఓడలపై దాడి చేసి, ఆ తరవాత ఈ ద్వీపానికే తిరిగి వెళ్లాయి. ఇలాంటి దాడులే బ్రిటిష్‌వారిని ద్వీపం మీదికి రప్పించాయి.

7.5 పట్టణంలో ఎవరు ఎక్కడ?

పోర్ట్ లూయిస్ గురించి రాసేవారు 'బహుళ సంస్కృతుల పట్టణం' అంటారు. ఆ మాట నిజమే. కాని ఆ బహుళత్వానికి ఒక పటం ఉండేది. రేవుకు ఎదురుగా ప్రభుత్వ భవనం, దాని చుట్టూ తెల్లవారి ఇళ్లు. తూర్పు శివారులో భారతీయుల పేట. దాన్ని 'మలబారుల పేట' అనేవారు. అక్కడివారు మలబారు నుంచి వచ్చినవారు కారు. ఫ్రెంచివారు దక్షిణ భారతీయులందరికీ ఆ పేరు వాడేవారు. దగ్గరలోనే ఓడ కళాసీలైన లస్కర్ల పేట. వీరిలో ఎక్కువమంది ముస్లింలు. అక్కడ మసీదు కట్టుకోవడానికి 1805లో అనుమతి లభించింది. పడమటి శివారులో స్వేచ్ఛ పొందిన నల్లవారి పేట. 19వ శతాబ్దంలో చైనా వర్తకులు స్థిరపడటంతో వారి వీధి కూడా ఏర్పడింది.

పేటలు వేరైనా బజారు, రేవు, ఓడ ఒక్కటే. యజమానుల ఫ్రెంచి పదజాలం మీద, ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి వచ్చినవారి నోట ఒక కొత్త భాష రూపొందింది. అదే క్రియోల్. ఈనాడు మారిషస్‌లో అత్యధికులు ఇంట్లో మాట్లాడేది ఆ భాషే. పాలకులు తయారుచేసిన విభజన పటాన్ని సామాన్యుల మాట దాటింది.

7.6 బ్రిటిష్ ఆక్రమణ, బానిసత్వ రద్దు

1810 ఆగస్టులో ఆగ్నేయ రేవు దగ్గర జరిగిన నౌకాయుద్ధంలో ఫ్రెంచివారు గెలిచారు. కాని ఆ సంవత్సరాంతంలో భారతదేశం నుంచి బయలుదేరిన పెద్ద బ్రిటిష్ దళం ముందు గవర్నరు దెకాయెన్ డిసెంబరులో లొంగిపోయాడు. ఆ దళంలో భారతీయ సిపాయిలు కూడా ఉన్నారు. లొంగుబాటు షరతుల ప్రకారం నివాసుల ఆస్తులు, చట్టాలు, మతం, ఆచారాలు అలాగే కొనసాగాయి. అందుకే బ్రిటిష్ పాలనలోనూ ఫ్రెంచి భాష నిలిచింది. 'ఆస్తి' అనే మాటలో బానిసలు కూడా చేరారని గమనించండి. 1814 పారిస్ సంధితో ద్వీపం అధికారికంగా బ్రిటిష్‌వారిదై, మళ్లీ మారిషస్ అయింది.

బానిసత్వ రద్దు ఇక్కడ 1835 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. సుమారు 66 వేలమంది విముక్తులయ్యారు. నష్టపరిహారంగా 20 లక్షల పౌన్లకు పైగా చెల్లించారు. ఆ సొమ్ము ముట్టింది యజమానులకు, బానిసలకు కాదు. విముక్తులు 'అప్రెంటిస్‌లు' అనే పేరుతో 1839 వరకు పాత యజమానుల దగ్గరే పని చేయవలసి వచ్చింది. ఆ గడువు తీరగానే చాలామంది చెరకు తోటలు వదిలిపెట్టారు. అదే కాలంలో చక్కెరకు బ్రిటన్‌లో గిరాకీ పెరుగుతోంది. తోటల యజమానుల చూపు భారతదేశం మీద పడింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
3. 'మలబారుల పేట' అనే పేరు ఎందుకు సరైనది కాదు?
4. బానిసత్వ రద్దు సమయంలో నష్టపరిహారం ఎవరికి దక్కింది?

7.7 కోరంగి నుంచి వచ్చినవారు

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను పోర్ట్ లూయిస్‌కు చేర్చింది. ఇది ఒప్పంద కూలీ విధానానికి ఆరంభంగా భావిస్తారు. నిర్బంధం, మోసం గురించి ఆరోపణలు రావడంతో భారత ప్రభుత్వం కొంతకాలం ఈ వలసను ఆపింది. 1843లో ప్రభుత్వ పర్యవేక్షణతో తిరిగి మొదలైంది. 1910 నాటికి భారతదేశం నుంచి వలస ఆగిపోయేసరికి సుమారు నాలుగున్నర లక్షలమంది ఈ ద్వీపంలో అడుగుపెట్టారు.

తెలుగువారు 1830ల రెండో సగం నుంచే వెళ్లారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి అప్పట్లో ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు పేరున్న రేవు. ఆ రేవు పేరే మనుషుల పేరైంది. మారిషస్‌లో తెలుగువారిని 'కొరింగీలు' అన్నారు. బర్మాలోనూ తెలుగు కూలీలకు ఇదే పేరు. పినాంగ్, సింగపూర్‌లలో దక్షిణ భారతీయులను 'క్లింగ్' అనడం కళింగ నుంచి వచ్చినట్లే, ఇదీ ఊరి పేరు జాతి పేరుగా మారిన ఉదాహరణ. 1839 నవంబరులో వచ్చిన తుపాను కోరంగిని ధ్వంసం చేసింది. తరవాత ఇసుక మేటలతో రేవు మూసుకుపోయి, కాకినాడ ముందుకు వచ్చింది. ఊరు దెబ్బతిన్నా, దాని పేరు సముద్రం అవతల బతికింది.

ఒప్పందం సాధారణంగా ఐదేళ్లు. తొలి దశలో మగ కూలీకి నెలకు 5 రూపాయల జీతం, తిండిగింజలు, బట్టలు ఇస్తామనేవారు. కాగితం మీది ఈ జీతం చేతికి పూర్తిగా వచ్చేది కాదు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దీన్ని 'రెట్టింపు కోత' అనేవారు. నెలలో ఆరు రోజులు జబ్బుపడితే పన్నెండు రోజుల జీతం పోతుందన్నమాట. ఒప్పందం తీరినవారు కూడా పాస్ లేకుండా తిరిగితే అరెస్టు చేసేవారు. 1867 చట్టం దీన్ని మరింత కఠినం చేసి, పాస్‌పై ఫొటో ఉండాలని శాసించింది. ఈ బాధలపై 1871లో 9,401 మంది పాత కూలీలు సంతకాలు, వేలిగుర్తులు చేసిన అర్జీ గవర్నరుకు చేరింది. దాన్ని తయారుచేయడంలో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోటల యజమాని సహాయపడ్డాడు. ఫలితంగా రాయల్ కమిషన్ విచారణ జరిపి లోపాలను నమోదు చేసింది.

ఓడ దిగిన కూలీలు రేవు ఒడ్డున, 1849లో ఏర్పడిన వలస కేంద్రంలో మొదట అడుగుపెట్టేవారు. అక్కడ గుమస్తా ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా రాసేవాడు. తెలుగు పేరు విన్న గుమస్తా తనకు వినిపించినట్లు ఇంగ్లీషు లేదా ఫ్రెంచి ధోరణిలో రాశాడు. మన ఇంటిపేరు వ్యక్తి పేరుకు ముందు వస్తుంది. అక్కడ దానికి చోటు లేదు. వచ్చిన మనిషి సొంత పేరే అతని పిల్లలకు, మనవలకు ఇంటిపేరు అయింది. అందుకే ఈనాడు పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చే మారిషస్ తెలుగువారికి ఇంటిపేరు దారి చూపదు, ఆ సంఖ్యే దారి చూపుతుంది. ఆ రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. రేవులోని ఆ వలస కేంద్రమే 'ఆప్రవాసీ ఘాట్'. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మీలో చాలామంది ఇళ్ల నుంచి ఎవరో ఒకరు గల్ఫ్ దేశాలకు వెళ్లి ఉంటారు. ఏజెంటు మాట, ఒప్పంద కాగితం, అక్కడికి వెళ్లాక మారే జీతం వంటివి మీకు కొత్త కాదు. రెండు వలసలూ ఒక్కటే అనడం సరికాదు. చట్టాలు, ప్రయాణ సాధనాలు, తిరిగి రాగల అవకాశం వేరు. కాని ఒప్పందాన్ని చదవలేని మనిషి దాని మీద వేలిముద్ర వేసినప్పుడు దాన్ని 'స్వచ్ఛంద అంగీకారం' అనవచ్చా అనే ప్రశ్న అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

7.8 స్థాపకుడు ఎవరు?

పోర్ట్ లూయిస్ రేవుకు ఎదురుగా ఈనాటికీ లా బూర్దొనే విగ్రహం నిలబడి ఉంది. అక్కడికి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఆప్రవాసీ ఘాట్ మెట్లున్నాయి. ఒకటి ఒక మనిషి స్మారకం, రెండోది లక్షలమంది అడుగుల స్మారకం. చరిత్ర విద్యార్థి రెండింటినీ చూడాలి.

గవర్నరు పాత్రను తగ్గించనక్కరలేదు. రేవును తీర్చిదిద్దడంలో, పనులను ఒక క్రమంలో నడపడంలో ఆయన దక్షత నిజం. కాని ప్రణాళిక ఉన్నంతమాత్రాన పట్టణం రాదు. నీటి కాలువ తవ్వినవారు, గోడ కట్టినవారు, చక్కెర బస్తా మోసినవారు కూడా స్థాపకులే. తేడా ఒక్కటే: గవర్నరు తన మాటలను తనే రాసి పెట్టుకున్నాడు. కూలీ గురించి గుమస్తా రాశాడు. బానిస గురించి అమ్మకపు పత్రం రాసింది. ఆధారాలు ఎవరి చేతి నుంచి వచ్చాయో గమనించకపోతే, రాతలో ఉన్నవారే చరిత్ర నిర్మాతలని పొరపడతాం.

1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఐరోపా, భారతదేశాల మధ్య ఓడల దారి మారింది. దానికి కొద్ది ముందు మలేరియా వేలాదిమందిని బలిగొని, ఉన్నవారిని ఎగువ ప్రాంతాలకు తరిమింది. రేవు ప్రాభవం తగ్గింది. దారి మారితే రేవు జాతకం మారుతుందన్న సూత్రం రెండోసారి రుజువైంది. కాని ఈసారి ద్వీపం ఖాళీ కాలేదు. డచ్చివారు వెళ్లినప్పటిలా కాక, ఇక్కడ పుట్టి, ఇదే తమ ఊరనుకున్న జనం ఉన్నారు. 1968 మార్చి 12న వారే స్వతంత్ర దేశమయ్యారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. తెలుగు బడుల్లో బోధిస్తారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలోనే జరిగాయి.

7.9 సారాంశం

పోర్ట్ లూయిస్ ఫ్రెంచి కంపెనీ అవసరాల కోసం 18వ శతాబ్దంలో ఏర్పడిన రేవు. గాలి దిశ, కొండల చాటు, కోరమాండల్ తీరంలో సురక్షిత రేవు లేకపోవడం దాని ఎదుగుదలకు కారణాలు. బానిసలు, చేతిపనివారు, వర్తకులు, కళాసీలు, ఒప్పంద కూలీలు దాన్ని పట్టణంగా నిలబెట్టారు. బహుళ సంస్కృతి అక్కడ పాలకులు ఇచ్చిన వరం కాదు. నిర్బంధంలోనూ, అవసరంలోనూ వచ్చినవారు తరతరాలుగా కట్టుకున్న జీవితం అది. కోరంగి నుంచి వెళ్లిన తెలుగువారు ఆ చరిత్రలో భాగస్వాములు.

7.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి - సమాధానాలు

1. కేప్ స్థావరం ఏర్పడటంతో డచ్చి ఓడలకు నీరు, ఆహారం అక్కడే దొరికాయి.
2. కొండల చాటు వల్ల గాలి తాకిడి తక్కువ. ఓడలు రావడానికీ పోవడానికీ అనువు.
3. ఫ్రెంచివారు దక్షిణ భారతీయులందరినీ 'మలబారులు' అన్నారు. పేటలోనివారు మలబారు నుంచి వచ్చినవారు కారు.
4. బానిసల యజమానులకు.

7.11 కీలక పదాలు

ఒప్పంద కూలీ: నిర్ణీత కాలం, నిర్ణీత జీతానికి పని చేస్తానని ఒప్పందం రాసి పరాయి ప్రాంతానికి వెళ్లిన శ్రామికుడు.
గుత్తాధిపత్యం: ఒక వ్యాపారాన్ని ఒక సంస్థ మాత్రమే చేసే హక్కు.
లస్కర్: ఐరోపా ఓడల్లో పని చేసిన ఆసియా కళాసీ.
క్రియోల్: భిన్న భాషలవారు కలిసి బతికినచోట రూపొంది, తరవాతి తరాలకు మాతృభాషగా మారిన భాష.
రెట్టింపు కోత: ఒక రోజు గైర్హాజరుకు రెండు రోజుల కూలి తగ్గించే పద్ధతి.

7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పోర్ట్ లూయిస్ రేవు ఎదుగుదలకు దోహదం చేసిన కారణాలను వివరించండి.
2. బానిసత్వ రద్దు ఒప్పంద కూలీ విధానానికి ఎలా దారితీసింది? తెలుగువారి వలసను ఉదాహరణగా తీసుకుని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పోర్ట్ లూయిస్‌కు, కోరమాండల్ తీరానికి మధ్య సంబంధం.
2. వలస కేంద్రం రిజిస్టర్లు చరిత్ర ఆధారాలుగా ఎంతవరకు పనికివస్తాయి?

III. మీ ఊళ్లో లేదా మీకు దగ్గరి పట్టణంలో ఒక పాత వీధిని ఎంచుకోండి. దాని పేరు ఎవరిని గుర్తుచేస్తున్నదో, దాన్ని కట్టినవారు, అక్కడ పని చేసినవారు ఎవరో పెద్దలను అడిగి ఒక పుటలో రాయండి. ఆ పుటను కాంటాక్టు తరగతికి తీసుకురండి.